కుక్కూ పక్షియు, భారతకోకిలయు

వర్డ్స్‌వర్తు మహాకవి కీర్తించిన 'కుక్కూ' పక్షిని మనవారు 'కోకిల' యని తెలిగించుట పరిపాటి. అది చదివిన విద్యార్థి మన మామిడితోపులోని నల్లని కోయిలను భావించుకొనును. పొరపాటు! కోయిల దానికి జ్ఞాతి మాత్రమే. కుక్కూ బూడిదవన్నెది, కడుపుపై అడ్డచారలు గలది. అదియు మన హిమాలయములయందు వేసవిలో గ్రుడ్లు పెట్టును. చిక్కేమనగా, దానిని పోలిన భారతకోకిలయు అచ్చట కలదు.

వినగలిగినచో చిక్కు లేదు. కుక్కూ రెండు స్వరములే పలుకును. భారతకోకిల నాలుగు పలుకును. ఆ నాలుగింటిలో వంగదేశీయులకు 'బౌ కథా కౌ', అనగా 'కోడలా, మాటాడుము' అను వేడికోలు వినబడినది. పక్షికి ఆ పేరే నిలిచినది.

అయితే ఈ కూత మగపక్షిది. కూతకాలము గడచిన పిదప అదియు మౌనము వహించును. అప్పుడు తోకను చూడవలెను. భారతకోకిలకు తోకకొనకు ముందు వెడల్పైన నల్లపట్టె యుండును, కుక్కూకు లేదు. కుక్కూ కన్ను పసుపు, రెండవదానిది ముదురుగోధుమ. కుక్కూ ఆడుపక్షులలో కొన్ని ఇటుకవన్నెగా నుండును. భారతకోకిలలో అట్టివి లేవు.

పరుల గూటిలో గ్రుడ్డిడుట రెండింటికిని కలదు. కుక్కూ చిన్నపిట్టల గూండ్లను ఎన్నుకొనును. భారతకోకిల మనదేశమున ముఖ్యముగా పసులపోలిగాని గూటిని వెదకును. అట్లని, పోలిగాడు తరుముచున్న బూడిదపక్షి యెల్ల భారతకోకిలయే యనుకొనకుడు. ఆ పోలిగాడు గ్రద్దనైనను తరుమును. తోకనే చూడుడు.