పిస్తోలుపై చెక్కిన సంవత్సరం

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని పాత ఆయుధాలను చూసేవారి కన్ను ముందు బంగారు నగిషీపై పడుతుంది. దానిపై వ్రాత చదివేవారు తక్కువ.

టిప్పు సుల్తాన్ పిస్తోళ్ళనే తీసుకోండి. పులిచారల నడుమ "హైదర్" ముద్ర ఉంటుంది. హైదర్ అంటే సింహం. అది హజ్రత్ అలీ (రజి) బిరుదు, సుల్తాన్ తండ్రి పేరు కూడా. చిక్కంతా సంవత్సరంతోనే. 1224 అని ఉన్నదాన్ని హిజ్రీగా లెక్కిస్తే క్రీ.శ. 1809 అవుతుంది. సుల్తానేమో 1799లోనే శ్రీరంగపట్నంలో షహీద్ అయ్యారు! అసలైన ఆయుధం కాస్తా నకిలీగా తోస్తుంది. నిజానికది మౌలూదీ శకం. హిజ్రత్ నుండి గాక దైవప్రవక్త (స) జననం నుండి లెక్కించేందుకు సుల్తాన్ స్వయంగా ప్రవేశపెట్టినది. ఆ లెక్కన 1224 ఆయన జీవితకాలంలోనే పడుతుంది. నాణేలపైనైతే అంకెలను కుడి నుండి ఎడమకు వేయించారు. తెలియనివారికి 1215 కాస్తా 5121గా కనిపిస్తుంది.