మందు మానే రోజున చుట్ట సంగతి కూడా అడగండి



చాలా సంవత్సరాల క్రితం ఉద్దానంలో కొబ్బరికాయలు దింపే ఒక అన్నయ్యను, తాగుడు మాన్పించమని ఆయన భార్య మా వార్డుకు తీసుకొచ్చింది. వచ్చిన రోజు చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు. నాలుగైదు రోజులకు కుదుటపడ్డాడు. వార్డు వెనక చెట్టు కింద కూర్చొని చుట్ట కాలుస్తుంటే చూసి కూడా నేను ఏమీ అనలేదు. "పాపం, మందు మానుతున్నాడు, అదైనా ఉండనీ" అనుకున్నాను. మా నర్సులకు కూడా అలాగే చెప్పాను.

ఆయన మళ్లీ తాగలేదు. పిల్లలు చదువుకున్నారు, ఇల్లు నిలబడింది. కొన్నేళ్ల తర్వాత నోటిలో మానని పుండుతో వచ్చాడు. పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. "సారా మానీసినాను కదా సిస్టరమ్మా, మరి ఇదేటి?" అని అడిగాడు. జవాబు నాకు తెలుసు. కాని అది చెప్పవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మిగిలిపోయిన చుట్ట ఏమి చేస్తుంది?

మద్యం, పొగాకు రెండూ నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు కారణాలే. రెండూ కలిస్తే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. పొగాకులోని విషాలు నోటి పొరలోకి సులభంగా దిగడానికి మద్యం దారి చేస్తుంది.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1972 నుండి 1983 వరకు తాగుడు, ఇతర మత్తు వ్యసనాలకు చికిత్స పొందిన 845 మంది ఆ తర్వాత ఎలా ఉన్నారో వైద్యులు పరిశీలించి, 1996లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికి 222 మంది చనిపోయారు. మరణ కారణం తెలిసినవారిలో 50.9 శాతం మంది పొగాకు జబ్బులతోను, 34.1 శాతం మంది మద్యం జబ్బులతోను పోయారు. తాగుడుకు వైద్యం కోసం వచ్చినవారిని ఎక్కువగా తీసుకుపోయింది పొగాకే.

ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకులలో ఒకరైన బిల్ విల్సన్ గారు 1934 డిసెంబరు తర్వాత మద్యం ముట్టలేదు. లక్షల మందికి దారి చూపారు. సిగరెట్టును మాత్రం చాలా ఏళ్లు వదలలేకపోయారు. 1971లో ఊపిరితిత్తుల జబ్బుతోనే మరణించారు.

మన ఇళ్లలో అడ్డపొగ

మన జిల్లాలో పెద్దవయసు అమ్మలు నిప్పు కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చడం అందరికీ తెలిసినదే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లో వచ్చింది. అడ్డపొగ వల్ల అంగిలికి కలిగే హానిని అది ప్రపంచానికి చూపింది. మందు మానిన కొడుకు ఇంటికి వచ్చేసరికి అమ్మ చేతిలో చుట్ట వెలుగుతుంటే, వాడు ఎలా మానగలడు?

ఉద్దానం కిడ్నీ జబ్బుకు పొగాకే కారణమని నేను అనడం లేదు. కాని కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నవారికి పొగ ఆ నష్టాన్ని త్వరపెడుతుంది. మన ప్రాంతంలో ఈ మాట మరింత గుర్తుంచుకోవాలి.

రెండూ ఒకేసారి మానగలరా?

"రెండూ మానమంటే మళ్లీ మందుకే పోతాడు" అని భార్యలు, తల్లులు భయపడతారు. నేనూ అలాగే భయపడ్డాను. 2004లో అమెరికా పరిశోధకులు అంతకు ముందు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూశారు. వ్యసన చికిత్సతోపాటు పొగ మానడానికి కూడా సహాయం పొందినవారు, చాలా కాలం మత్తుకు దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువగా కనబడింది. కారణం ఊహించవచ్చు. చుట్ట వెలిగిస్తే గ్లాసు గుర్తుకొస్తుంది. బీడీ కోసం బడ్డీకి వెళితే పాత స్నేహితులు కలుస్తారు.

అయితే మద్యం నిలకడపడిన తర్వాత పొగాకు మానితేనే మంచిదని చూపిన అధ్యయనం కూడా ఉంది. కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకోండి. అసలు అడగకుండా వదిలేయవద్దు.

గుర్తుంచుకోవలసినవి

1. రోజూ ఎక్కువగా తాగేవారిని ఇంటిలోనే ఒక్కసారిగా మాన్పించవద్దు. మూర్ఛలు, మతిభ్రమణ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ఆసుపత్రికి తీసుకురండి. పొగాకు మానితే అటువంటి అపాయం లేదు. చిరాకు, ఆకలి, నిద్రలేమి కొన్ని వారాలు ఉండి తగ్గుతాయి.

2. వార్డులో ఉన్నవారికి అన్నం కారియరుతో బీడీకట్ట తేవద్దు.

3. నికోటిన్ గమ్ వంటి మందులు ఉన్నాయి. డాక్టరుగారిని అడగండి.

4. నోటిలో పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ రెండు వారాలకు మించి ఉంటే వెంటనే చూపించండి.

5. పొగాకు మానడానికి 1800112356, మద్యం, మత్తు మానడానికి 14446 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇప్పుడు మా వార్డులో చేరేవారిని "ఎంత తాగుతావు బాబూ?" అని అడిగిన వెంటనే "ఎన్ని కాలుస్తావు?" అని కూడా అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు, కొందరు కోప్పడతారు. ఆ అన్నయ్యను ఆ రోజు అడగలేదు గనుక, ఇప్పుడు ఎవరినీ అడగకుండా విడిచిపెట్టను.

ఈ పోరాటంలో ఉన్న ప్రతి కుటుంబాన్ని ప్రభువు బలపరచునుగాక.