ఆక్యుపంక్చర్ కోర్సులో చేరుతున్నారా? ఫీజు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

‘ఆరు నెలల్లో డిప్లొమా.. ఆదివారం క్లాసులు.. కోర్సు పూర్తికాగానే సొంత క్లినిక్’. సూది వైద్యం నేర్పిస్తామంటూ ఇలాంటి ప్రకటనలు ఫోన్లలో, గోడల మీద కనిపిస్తూనే ఉంటాయి. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులతో బాధపడేవారు ఊరూరా ఉన్నారు కాబట్టి ఉపాధికి ఢోకా ఉండదని చాలామంది అనుకుంటారు. కానీ చేతికొచ్చే సర్టిఫికెట్‌కు చట్టం దృష్టిలో విలువెంత? దానితో క్లినిక్ పెట్టొచ్చా? పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా? డబ్బు కట్టాక అడిగితే ప్రయోజనం లేని ప్రశ్నలివి.

దేశంలో ఆక్యుపంక్చర్‌కు గుర్తింపు ఉందా?

ఉంది. అయితే అది ఎంబీబీఎస్, ఆయుర్వేదం, హోమియోలకు ఉన్నలాంటి గుర్తింపు కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరు 25న ఇచ్చిన ఉత్తర్వుల్లో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా అంగీకరించింది. రిజిస్టర్డ్ వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవారు గానీ దీన్ని చేయవచ్చని చెప్పింది. పూర్తిస్థాయి వైద్య విధానంగా మాత్రం గుర్తించలేదు. గుర్తింపు లేని వైద్య విధానాల్లో సంస్థలు డిగ్రీలు, డిప్లొమాలు ఇవ్వకుండా చూడాలని, ‘డాక్టర్’ అనే మాటను గుర్తింపు పొందిన విధానాల వైద్యులే వాడేలా చూడాలని అదే ఉత్తర్వుల్లో రాష్ట్రాలకు సూచించింది.

2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తిస్తూ మరో ఉత్తర్వు ఇచ్చింది. చాలా సంస్థలు తమ బ్రోచర్లలో ‘ప్రభుత్వ గుర్తింపు’ అని వేసుకునేది దీన్ని చూపించే. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ గుర్తింపు చికిత్సకు వచ్చింది. మీరు చేరబోయే సంస్థకు రాలేదు. రెండూ ఒకటి కావు.

రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి?

పశ్చిమ బెంగాల్ 1996లోనే ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేక చట్టం చేసింది. 1938లో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో కలిసి చైనా వెళ్లిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తర్వాతి కాలంలో ఈ విద్య నేర్చుకొని కోల్‌కతాలో ప్రచారం చేశారు. అక్కడ దీనికి ఆదరణ పెరగడానికి అది ఒక కారణం. మహారాష్ట్ర 2015 చట్టంతో ఆక్యుపంక్చర్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసింది. అక్కడ చికిత్సకుల రిజిస్ట్రేషన్, శిక్షణ సంస్థల అనుమతి ఆ కౌన్సిల్ చూస్తుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇలాంటి ప్రత్యేక చట్టం గానీ, కౌన్సిల్ గానీ లేవు. పొరుగు రాష్ట్ర చట్టం పరిధి ఆ రాష్ట్రం వరకే. కాబట్టి ‘మాది మహారాష్ట్ర గుర్తింపు ఉన్న కోర్సు’ అని చెబితే రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆ సంస్థ పేరు నిజంగా ఆ కౌన్సిల్ జాబితాలో ఉందా? ఉన్నా, మీరు ప్రాక్టీస్ పెట్టాలనుకుంటున్న జిల్లాలో అది పనికొస్తుందా?

మరి ఏ దారిలో వెళ్లాలి?

ఇంటర్ బైపీసీ చదివినవారికి చట్టపరంగా చిక్కులు తక్కువగా ఉండే దారి బీఎన్‌వైఎస్. ఇది ప్రకృతి వైద్యం, యోగాలో డిగ్రీ. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. సిలబస్‌లో ఆక్యుపంక్చర్ కూడా ఉంటుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆధ్వర్యంలోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో ఈ కోర్సు ఉంది. ప్రవేశాల కోసం తెలంగాణలో కాళోజీ, ఏపీలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లు చూసుకోవాలి.

రెండోది, ఇప్పటికే ఎంబీబీఎస్, బీఏఎంఎస్, బీహెచ్ఎంఎస్ లాంటి డిగ్రీతో రిజిస్టర్ అయినవారు అదనంగా ఆక్యుపంక్చర్ నేర్చుకోవడం. వీరికి శరీర నిర్మాణం, రోగ నిర్ధారణ ముందే తెలుసు. 2003 ఉత్తర్వుల్లోని ‘రిజిస్టర్డ్ వైద్యులు’ అనే మాట వీరికి వర్తిస్తుంది.

మూడోది, వైద్య నేపథ్యం లేకుండా నేరుగా ప్రైవేటు డిప్లొమా. ప్రకటనలన్నీ వీరి కోసమే. ‘తగిన శిక్షణ’ అంటే ఎంత అన్న ప్రశ్న వచ్చేదీ వీరి దగ్గరే.

ఎన్ని గంటల శిక్షణ ఉండాలి?

దీనికి ఒక కొలబద్ద ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఆక్యుపంక్చర్ శిక్షణపై మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యులు కానివారికి పూర్తి శిక్షణ 2,500 గంటలు ఉండాలని, అందులో 500 గంటలు ఆధునిక వైద్యశాస్త్ర ప్రాథమికాంశాలకు, 1,000 గంటలు రోగులపై పర్యవేక్షణలో చేసే ప్రాక్టీసుకు కేటాయించాలని సూచించింది. వైద్యులకు పూర్తి శిక్షణ 1,500 గంటలు. తమ ప్రాక్టీసులో పరిమితంగా వాడుకునే వైద్యులకైనా 200 గంటలకు తగ్గకూడదు.

ఇప్పుడు లెక్క వేయండి. శని, ఆదివారాల్లో రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు నెలలు చదివితే వచ్చేది సుమారు 310 గంటలు. 2,500 గంటలు పూర్తికావాలంటే రోజుకు ఆరు గంటలు, నెలకు 25 రోజుల చొప్పున దాదాపు 17 నెలలు పడుతుంది. మీ చేతిలోని బ్రోచర్‌ను ఈ లెక్కతో పోల్చి చూస్తే సగం విషయం అర్థమవుతుంది.

సంస్థను ఎలా పరీక్షించాలి?

ఫీజు మాట్లాడే ముందు ఈ ప్రశ్నలు అడగండి. సమాధానాలు కాగితం మీద తీసుకోండి.

• డిప్లొమా ఎవరి పేరుతో వస్తుంది? విశ్వవిద్యాలయం అని చెబితే ఆ పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో చూడండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యూజీసీ ప్రకటిస్తుంది. సొసైటీగానో, ట్రస్టుగానో రిజిస్టర్ అయినంత మాత్రాన డిగ్రీ ఇచ్చే అధికారం రాదు. ఐఎస్‌వో ముద్ర కూడా ఆ అధికారం ఇవ్వదు.

• రోగులు వచ్చే క్లినిక్ ఉందా? ఒక్కో విద్యార్థి ఎన్ని కేసులు చూస్తారు? పక్కన నిలబడి చూడటమేనా, పర్యవేక్షణలో స్వయంగా సూది పెట్టనిస్తారా? సంప్రదాయంగా చెప్పే 361 బిందువులను బొమ్మ మీద చూపించగలగడం వేరు, మనిషి ఒంటి మీద వేలితో వెతికి పట్టుకోవడం వేరు.

• బోధించేవారి అర్హత ఏమిటి? అనాటమీ ఎవరు చెబుతారు?

• ఆన్‌లైన్ భాగం ఎంత? సిద్ధాంతం వీడియోలో నేర్చుకోవచ్చు. సూది పెట్టడం వీడియోలో రాదు.

• మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు?

వీటన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, నాలుగైదేళ్ల కిందట అక్కడ చదివినవారు ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కోవడం. సంస్థ ఇచ్చిన రెండు నంబర్లతో ఆగకుండా మీరే మరికొందరిని వెతికి మాట్లాడండి.

సూదే కదా, ప్రమాదం ఏముంటుంది?

ఉంటుంది. ఛాతీ, భుజాల ప్రాంతంలో సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడి గాలి బయటికి చేరవచ్చు. శుభ్రం చేయని సూదులు మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్-బి వ్యాపించిన సంఘటనలు వివిధ దేశాల్లో నమోదయ్యాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణుల విషయంలో అదనపు జాగ్రత్తలు అవసరం. ఒక్కసారి వాడి పారేసే సూదులు, చేతుల శుభ్రత, వాడిన సూదులను 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గుచ్చుకోని తెల్లటి డబ్బాలో వేయడం.. ఇవన్నీ సంస్థ క్లినిక్‌లో కనిపించాలి. కనిపించకపోతే అక్కడ చేరవద్దు.

ఏది తన పని కాదో తెలియడం కూడా శిక్షణలో భాగమే. నడుం నొప్పి అని వచ్చిన వ్యక్తికి మూత్రం ఆగిపోతున్నా, కాలు చచ్చుబడుతున్నా సూదులు తీయకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. తనకు పరిజ్ఞానం లేని వైద్య విధానంలో చికిత్స చేసేవారిని నకిలీ వైద్యులుగానే పరిగణించాలని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో స్పష్టం చేసింది. ఆక్యుపంక్చర్ డిప్లొమాతో ఇంజెక్షన్లు, అల్లోపతి మందులు ఇస్తే కేసు తప్పదు.

విదేశాల్లో అవకాశాలున్నాయా?

ఉన్నాయి, కానీ ఇక్కడి సర్టిఫికెట్‌తో నేరుగా కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గుర్తింపు ఉన్న సంస్థలో మాస్టర్స్ స్థాయి చదువు, ఆపై పరీక్ష, రాష్ట్ర లైసెన్సు అవసరం. అక్కడి మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు భరిస్తోంది. ‘మా డిప్లొమా అన్ని దేశాల్లో చెల్లుతుంది’ అని ఎవరైనా అంటే, ఏ దేశంలో ఏ బోర్డు అంగీకరిస్తుందో రాసిమ్మనండి.

అనుమానం వస్తే ఎవరిని అడగాలి?

రాష్ట్ర ఆయుష్ శాఖకు, వైద్య ఆరోగ్య శాఖకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ‘ఫలానా సంస్థకు ఆక్యుపంక్చర్ కోర్సు నడిపే అనుమతి ఉందా? ఉంటే ఉత్తర్వు నకలు ఇవ్వండి’ అని సూటిగా అడగండి. క్లినిక్ పెట్టేందుకు ఏ రిజిస్ట్రేషన్ కావాలో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి కార్యాలయంలో తెలుసుకోండి. తప్పుడు ప్రకటనతో మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. అందుకే బ్రోచర్, ఫీజు రసీదులు, వాట్సాప్ సందేశాలు దాచుకోండి.

‘ఈ నెలాఖరు వరకే రాయితీ’ అని తొందరపెట్టినా ఆ 30 రోజులు ఆగండి. రాయితీ పోతే కొంత డబ్బే పోతుంది. పనికిరాని డిప్లొమాలో చేరితే ఫీజుతో పాటు ఏళ్లు కూడా పోతాయి.