కొత్త నీటిలోకి చేపలు, రొయ్యలు

ఇంట్లో చిన్న గాజు తొట్టి పెట్టుకొని చేపలను పెంచేవారినోట ఒక ఫిర్యాదు తరచు వినబడుతూ ఉంటుంది. చేపలు పెరిగినవి, తొట్టి ఇరుకైనది. పిల్లలు ముచ్చటపడుతున్నారని పెద్ద తొట్టి కొన్నారు. దానిని తళతళలాడేటట్లు కడిగి, కుళాయి నీరు నింపి, ఆ సాయంకాలమే చేపలను అందులో వదిలారు. రాత్రి అవి చక్కగా ఈదుతూనే ఉన్నవి. తెల్లవారేసరికి ఒకటి రెండు నీటిమీద తేలినవి. పక్షం తిరిగేలోగా తొట్టి ఖాళీ అయినది. ఇరుకులో బతికిన ప్రాణి విశాలమైన చోట ఎందుకు చచ్చిపోయింది?

ఈ ప్రశ్న మన గోదావరి డెల్టాలో ఇంటి అలంకారానికి మాత్రమే సంబంధించినది కాదు. భీమవరం, ఆకివీడు ప్రాంతాలలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు సాగుచేసే రైతు లక్షల సంఖ్యలో పిల్లలను ఒక్క ఉదయాన చెరువులో వదులుతాడు. ఆ కొద్ది గంటలలో చేసిన పొరపాటు పంట పట్టేరోజున బయటపడుతుంది. అందుచేత అతడు కొన్ని జాగ్రత్తలు అలవరచుకున్నాడు. అవే జాగ్రత్తలు గాజు తొట్టికి కూడా వర్తిస్తవి. వాటి వెనుక ఉన్న కారణాన్ని తెలుసుకోవడానికి ముందుగా మన గోదావరినే చూతము.

వరదకాలంలో గోదావరి ఎర్రనీరు సముద్రంలో కలిసేవేళ, విలస అనే చేప సముద్రాన్ని విడిచి, నదీముఖాలగుండా ఏటికి ఎదురీది లోపలికి వస్తుంది. మంచినీటిలోకి వచ్చిన తరువాత మనవారు దానినే పులస అంటారు. గుడ్లు పెట్టడానికై అది చేసే ఈ ప్రయాణానికి ధవళేశ్వరం ఆనకట్ట హద్దు. ఉప్పునీటిలో ఉన్నంతకాలం దాని మొప్పలు ఒంటిలో చేరిన అధిక లవణాన్ని బయటికి నెట్టివేస్తూ ఉంటవి. నదిలోకి వచ్చిన తరువాత అవే మొప్పలు నీటిలో ఉన్న కొద్దిపాటి లవణాన్ని లోపలికి తీసుకోవలసి ఉంటుంది. చేస్తున్న పనికి సరిగా విరుద్ధమైన పనికి మొప్పలు మారడానికి వ్యవధి కావలెను. ఆ వ్యవధిని నదీముఖం ఇస్తుంది. అక్కడ ఉప్పు ఒక్క గీతవద్ద ఆగిపోదు. పోటుకు హెచ్చుతూ, పాటుకు తగ్గుతూ, ఎగువకు పోయినకొద్దీ పలచబడుతూ ఉంటుంది. నీలకంఠ రొయ్య ఇందుకు ఎదురుదిక్కున ప్రయాణం చేస్తుంది. అది మంచినీటిలో పెరిగి, గుడ్లతో ఉప్పు కలిసిన నీటికి దిగివస్తుంది. దాని పిల్లలు మరల ఎగువకు పోతవి.

మనం చేపను వలతో పట్టి ఒక తొట్టినుంచి మరొక తొట్టిలో వేసినప్పుడు దానికి ఈ నదీముఖం లేకుండా చేస్తున్నాము. రెండు తొట్లలోని నీరు మన కంటికి ఒకే తీరుగా కనబడవచ్చును. చేపకు మాత్రం మూడు విషయాలలో తేడా తెలుస్తుంది.

మొదటిది వేడిమి. చేపకు మనవలె నిలకడైన శరీరోష్ణం లేదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని దేహమూ అంతే. మేడమీది ట్యాంకులో ఎండకు కాగిన నీటిని వేసవి మధ్యాహ్నం పెద్ద తొట్టిలో నింపి, గదిలో నీడపట్టున ఉన్న చిన్న తొట్టిలోని చేపను అందులో వేస్తే, నాలుగైదు డిగ్రీల తేడా ఒక్క క్షణంలో దానిమీద పడుతుంది. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు.

రెండవది నీటిలో కరిగి ఉన్న పదార్థాలు. కాలువ నీరు, బావి నీరు, కుళాయి నీరు ఒక్కటి కావు. సముద్రానికి దగ్గరి గ్రామాలలో బావినీరు ఉప్పదనం పట్టి ఉండడం కోనసీమవారికి కొత్త సంగతి కాదు. మనం తాగే ఆర్.ఓ. నీటిలో లవణాలు దాదాపు ఉండవు. కేవలం ఆ నీటిలోనే చేపలను, ముఖ్యంగా రొయ్యలను, పెంచరాదు. పురపాలక సంఘాలు నీటిలో కలిపే క్లోరిన్ మనలను రోగాలనుంచి కాపాడుతుంది కాని, చేప మొప్పలను కాల్చివేస్తుంది. అట్టి నీటిని వెడల్పు పాత్రలో పోసి, గాలి పంపుతో ఒక పగలు, ఒక రాత్రి బుడగలు పట్టించిన పిమ్మట వాడవలెను. వరదరోజులలో పటిక వేసి తేర్చిన నీరు కూడా చేపలకు మంచిది కాదు.

మూడవది కంటికి బొత్తిగా కనబడనిది. చేపలు తమ మొప్పలద్వారా అమోనియాను విసర్జిస్తవి. మిగిలిపోయిన మేత కుళ్లినా అమోనియాయే పుడుతుంది. అది విషం. పాత తొట్టిలో గులకరాళ్లమీద, ఫిల్టరు స్పాంజిలో కాపురమున్న సూక్ష్మజీవులు ఈ అమోనియాను నైట్రైటుగాను, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చుతూ ఉంటవి. రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఇట్టి జీవులను వేరుచేసి చూపించాడు. తళతళలాడేటట్లు కడిగిన కొత్త తొట్టిలో ఈ పారిశుధ్య సిబ్బంది లేరు. వారు తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రాత్రి చనిపోయిన చేప తరచుగా క్లోరిన్ వల్లనో, వేడిమి తేడావల్లనో చనిపోతుంది. వారం పదిరోజులకు చనిపోయిన చేపకు కారణం చాలాసార్లు ఈ అమోనియా, నైట్రైటులే.

ఇక చేయవలసిన పని తేలిక. మొదట పెద్ద తొట్టిని దాని స్థానంలో ఉంచి, అక్కడనే నీరు నింపవలెను. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తుగల తొట్టిలో సుమారు 127 లీటర్ల నీరు పడుతుంది; అనగా నీటి బరువే 127 కిలోలు. దానిని తరువాత జరపబోతే అద్దం పగులుతుంది. బల్ల గట్టిదై, ఎగుడుదిగుడు లేకుండా ఉండవలెను. ఎండ నేరుగా పడని చోటు మేలు.

నీరు నింపి, గాలి పంపు, ఫిల్టరు నడిపించి, కొద్దిరోజులు చేపలు లేకుండానే ఉంచవలెను. పిదప పాత తొట్టిలోని గులకరాళ్లలో కొంత భాగాన్ని, నీటిమొక్కలను, పాత ఫిల్టరు స్పాంజిని కొత్త తొట్టిలోకి మార్చవలెను. స్పాంజిని కుళాయికింద కడగరాదు. మరీ మురికిగా ఉంటే పాత తొట్టి నీటిలోనే ఒకసారి పిండితే చాలును. పాత నీటిని పోస్తే సరిపోతుందని కొందరు భావిస్తారు. పాత నీరు చేపకు అలవాటైనదే కాని, మనకు కావలసిన సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ ఉండేవి బహు కొద్ది. అవి రాళ్లను, స్పాంజిని అంటిపెట్టుకొని ఉంటవి. ఈ వస్తువులను తడి ఆరకుండా మార్చి, చేపలను కూడా ఆ వెంటనే తరలించవలెను. ఆహారం దొరకకపోతే ఆ జీవులూ నశిస్తవి.

తరలించే ముందురోజు మేత మానివేయవలెను. కడుపు ఖాళీగా ఉన్న చేప నీటిని తక్కువగా పాడుచేస్తుంది. చేపపిల్లలను దూరప్రాంతాలకు పంపే రైతులూ ఇదే చేస్తారు. గదిలో దీపం తగ్గించి, పాత తొట్టిలో నీరు సగానికి దించి, మెత్తని వలలు రెండు తీసుకొని, ఒకదానితో అదిలిస్తూ మరొకదానిలోకి చేపను మళ్లించవలెను. చేతితో పట్టరాదు, దాని ఒంటిమీది జిగురుపొర చెదిరితే రోగాలకు తోవ ఏర్పడుతుంది. పట్టిన చేపను పాత నీరు ఉన్న బేసిన్‌లో వేసి, పైన మూత ఉంచవలెను. బెదిరిన చేప ఎగిరి నేలమీద పడుతుంది.

ఇప్పుడు దానికి మనం ఒక చిన్న నదీముఖాన్ని కల్పించవలెను. కొత్త తొట్టినుంచి గ్లాసెడు నీరు తీసి బేసిన్‌లో పోయండి. పదినిమిషాలు ఆగి మరొక గ్లాసు పోయండి. బేసిన్‌లోని నీరు మూడింతలయ్యేవరకు, సుమారు ఒక గంటసేపు, ఇట్లా చేసి, ఆపైన చేపను మాత్రం వలతో తీసి తొట్టిలో వదలండి. చేపలు ఎక్కువగా ఉంటే అన్నిటినీ ఒకేరోజున మార్చక, పాత తొట్టిని నడిపిస్తూనే, రెండు మూడు విడతలుగా మార్చడం క్షేమం.

రొయ్యల విషయంలో మరింత ఓర్పు కావలెను. రొయ్య పెరగడానికి పాత పెంకు విడిచి కొత్త పెంకు తొడుగుకొంటుంది. కొత్త పెంకు గట్టిపడడానికి నీటిలో సున్నపు అంశం ఉండవలెను. నీటి గుణం ఒక్కసారిగా మారితే అది అదను కాని వేళ పెంకు విడవబోయి ప్రాణం మీదికి తెచ్చుకొంటుంది. కావున అక్వేరియంలో పెంచే చిన్న రొయ్యలకు గ్లాసులతో పోయడం కంటె, సన్నని గొట్టానికి ముడివేసి, సెలైన్ ఎక్కించినట్లు చుక్కచుక్కగా కొత్త నీటిని రెండు గంటలపాటు దించడం మంచిది. రాగి కలిసిన చేపల మందులు రొయ్యలకు విషమని మరువరాదు. దాక్కోవడానికి నాచు, మొక్కలు ఉన్న తొట్టిలో ముందు రొయ్యలను, చిన్న చేపలను వదిలి, కొద్దిరోజుల తరువాత పెద్దవాటిని చేర్చవలెను. బంగారు చేపవంటి పెద్దనోటి చేపలతో చిన్న రొయ్యలను కలిపితే అవి మేతగా మారుతవి.

ఇంతవరకు చెప్పినది ఒక గదిలో జరిగే మార్పునుగూర్చి. దూరంనుంచి ప్లాస్టిక్ సంచిలో వచ్చిన చేపలకు ఒక మినహాయింపు ఉన్నది. పూర్వం చేపపిల్లలను నదులలో పట్టి, మట్టికుండలలో, నీటిని కదిలిస్తూ తీసుకొనిపోయేవారు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పెంపకపు చేపలచేత హార్మోను సూదితో గుడ్లు పెట్టించడంతో, పిల్లలకొరకు నదిమీదనే ఆధారపడే అవసరం క్రమంగా తగ్గినది. కుండ స్థానంలో, మూడవవంతు నీరు, తక్కినది ప్రాణవాయువు నింపిన సంచి వచ్చినది. మూసిన సంచిలో చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువు పేరుకొని నీటికి ఆమ్లగుణం కలుగుతుంది. ఆ గుణంవల్ల అక్కడి అమోనియా అంతగా బాధించని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, అమోనియా విషరూపం దాల్చుతుంది. అందువల్ల చాలా గంటలు ప్రయాణం చేసిన సంచిని మూతి విప్పకుండానే కొత్త నీటిమీద ఇరవై నిమిషాలు తేలనిచ్చి, వేడిమి సమమైన పిదప విప్పి, కొద్దిసేపు మాత్రమే నీరు కలిపి, చేపలను బయటికి తీయవలెను. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు.

రొయ్య రైతు చేసేదీ ఇదే. 2009లో మనదేశంలో అనుమతి పొందిన వెనామీ రొయ్య పసిఫిక్ తీరపు ప్రాణి. విశాఖపట్నం, కాకినాడ తీరాల హేచరీలలో దాని పిల్లలు దాదాపు సముద్రపు నీటిలోనే పుడుతవి. డెల్టా చెరువులలో ఉప్పు అంతకంటె ఎంతో తక్కువ. కావున రైతు తన చెరువులోని ఉప్పును ముందుగా తెలుపుతాడు. హేచరీలో ఆ మట్టానికి ఉప్పును మెల్లగా తగ్గిస్తూ వస్తారు. చల్లని వేళ సంచులను చెరువులో తేల్చి, చెరువు నీటిని కొంచెంకొంచెంగా కలిపి పిల్లలను వదులుతారు. జాగ్రత్తపరుడైన రైతు కొన్ని పిల్లలను లెక్కించి, చెరువులోనే సన్నని వలగుడ్డ తొట్టిలో విడిగా ఉంచి, రెండు మూడు రోజుల తరువాత మరల లెక్క చూస్తాడు. ఎన్ని బతికినవో అదే చెబుతుంది.

ఇంటివారు కూడా ఈ లెక్క పాటించవచ్చును. ముందుగా రెండు గట్టి చేపలను మార్చి వారంరోజులు చూడండి. మొదటిరోజు మేత పెట్టవద్దు. తరువాత చిటికెడుతో ప్రారంభించండి. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, లేక మొప్పలు ఎర్రబడి కనబడితే, నాలుగవవంతు నీటిని క్లోరిన్ పోయిన నీటితో మార్చి, గాలి పెంచండి. నీటిలోని అమోనియాను చూపించే పరీక్షా ద్రావకాలు అక్వేరియం దుకాణాలలో దొరుకుతవి. వాటిని వాడితే ఊహతో పని ఉండదు.

పెద్ద తొట్టి చేపలకు మేలైనదే. అందులో నీరు త్వరగా వేడెక్కదు, త్వరగా పాడుకాదు. అయితే ఆ మేలు అందవలెనన్న, పాత నీటికి కొత్త నీటికి నడుమ ఆ ఒక్క గంట వ్యవధి ఇవ్వవలెను. వెనుక ఆ కొద్ది వారాలు కనిపెట్టి ఉండవలెను. ముచ్చటపడిన పిల్లలచేతనే గ్లాసుతో నీరు పోయించండి. పదినిమిషాలకొకసారి గడియారం చూడడం వారికి అప్పగిస్తే, తొందర పెద్దలకైనా ఉంటుంది గాని వారికి ఉండదు.