గోడ మీది పలక ఎందుకు మొరాయిస్తుంది?

గోడకు బిగించిన ఒక టాబ్లెట్టు. దాని తెర మీద ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, వీధి గుమ్మం దగ్గరి కెమెరా, అన్నీ చిన్న చిన్న గడులుగా కనిపిస్తుంటాయి. వేలితో తాకితే చాలు, హాల్లో దీపం వెలుగుతుంది. ఇలాంటి పలకను మీరు బంధువుల ఇంట్లోనో, ఏదైనా ప్రదర్శనలోనో చూసి ఉండవచ్చు. కొత్తది కొనకుండా, మూల పడేసిన పాత టాబ్లెట్టునే ఇందుకు వాడుకునేవారూ ఉన్నారు.

మొదట అంతా బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు ఒక చిక్కు వచ్చిపడుతుంది. దీపం గడిని తాకుతారు. వెలగదు. సరిగా తాకలేదేమోనని మళ్లీ తాకుతారు. ఇంతలో మొదటి తాకుడు పనిచేసి దీపం వెలుగుతుంది. ఆ వెంటనే రెండోది పనిచేసి ఆరిపోతుంది! “దీనికన్నా మామూలు స్విచ్చే నయం” అని పెద్దలు విసుక్కుంటారు. “పాతదైపోయింది, పారేద్దాం” అని మరొకరంటారు.

ఆగండి! పారేసే ముందు, ఆ పలక ఏ పనిలో అంతగా మునిగిపోయి ఉందో చూద్దాం.

ఒక తాకుడు చేసే ప్రయాణం

మీరు తెరను తాకగానే టాబ్లెట్టు ఆ సంగతిని వైఫై ద్వారా ఇంట్లోనే ఉన్న ఒక చిన్న కంప్యూటరుకు పంపుతుంది. ఇంటి పనులను నడిపించే ఈ కంప్యూటరును “ఇంటి పెద్ద” అనుకుందాం. అందులో నడిచే కార్యక్రమాలలో పేరున్నది ‘హోం అసిస్టెంట్’. దీన్ని పౌలస్ స్కౌట్సెన్ అనే ఆయన 2013లో మొదలుపెట్టాడు. ఇంటి పెద్ద దీపానికి ఆజ్ఞ ఇస్తుంది. దీపం వెలుగుతుంది. “వెలిగింది” అన్న కబురు తిరిగి పలకకు చేరి, గడి రంగు మారుతుంది.

ఇదంతా ఎంతసేపట్లో జరగాలి? 1968లోనే రాబర్ట్ మిల్లర్ అనే అమెరికను పరిశోధకుడు ఈ విషయాన్ని చర్చించాడు. మనం చేసిన పనికి యంత్రం సుమారు సెకనులో పదోవంతులోపల స్పందిస్తేనే అది “వెంటనే” జరిగినట్టు మనకు తోస్తుంది. అంతకు మించితే ఆలస్యం మన దృష్టికి వస్తుంది. మరీ మించితే మళ్లీ తాకుతాం!

కొన్ని దీపాల విషయంలో ఆజ్ఞ ఇంటి పెద్ద దగ్గర ఆగదు. ఇంటర్నెట్టు మీదుగా దూరదేశంలోని కంప్యూటరుకు వెళ్లి తిరిగి రావాలి. హైదరాబాదు నుంచి సింగపూరుకు సుమారు 3,300 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే రానుపోను కనీసం 33 మిల్లీసెకన్లు. మన పదోవంతు సెకనులో మూడోవంతు దారిఖర్చుకే సరి! పైగా ఇంటర్నెట్టు తెగిపోతే పక్కగదిలో దీపం కూడా వెలగదు. అందుచేత ఇంట్లో మాట ఇంట్లోనే తిరిగేలా ఏర్పాటు చేసుకోవడం మొదటి మెట్టు.

అయితే చాలా ఇళ్లలో ఆలస్యం దారిలో లేదు. పలకలోనే ఉంది.

చారెడు చోటు, బారెడు సామాను

ఉదాహరణకు 2015లో వచ్చిన అమెజాన్ ఫైర్ 7 టాబ్లెట్టును తీసుకుందాం. చౌక కావడంతో చాలామంది ఇలాంటివాటిని గోడకెక్కించారు. దాని పనిజ్ఞాపకం, అంటే ర్యామ్, 1 గిగాబైటు. తెరలో అడ్డంగా 1,024, నిలువుగా 600 చుక్కలు, మొత్తం 6,14,400.

పనిజ్ఞాపకం వంటగట్టు వంటిది. గట్టు మీద ఉన్నవే చేతికి అందుతాయి. గట్టు నిండితే ఒకటి తీసి కింద పెట్టి మరొకటి ఎత్తుకోవాలి. వంట తెలిసినవారైనా సరే, అటూ ఇటూ తిరగడంతోనే పొద్దుపోతుంది. టాబ్లెట్టులో మనకు అక్కరలేని ఆటలు, ప్రకటనలు, వార్తలు తెర వెనుక ఈ గట్టును ఆక్రమించుకుని ఉంటాయి. వాటిని తీసేస్తే సగం బరువు దిగినట్టే. రోజుకొకసారి తెల్లవారుజామున పేజీని కొత్తగా తెరిచే ఏర్పాటు చేస్తే, పేరుకున్న చెత్త కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

చుక్కల లెక్క

తెర మీద బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు 60 సార్లు గీయాలి. ఒక్కొక్కసారికీ దొరికే వ్యవధి 17 మిల్లీసెకన్లకంటే తక్కువ. గడుల వెనుక నీడలు, మసక అద్దాల వంటి అలంకారాలు, తిరుగుతూ ఉండే బొమ్మలు పెట్టామనుకోండి. ప్రతి చుక్కకూ అడుగున ఏముంది, పైన ఏముంది అని లెక్కవేసి కలపాలి. చిన్న ప్రాసెసరు ఆ వ్యవధిలో పూర్తి చేయలేదు.

ఇక కెమెరా సంగతి చూడండి. కెమెరా బొమ్మలో 1,920 × 1,080, అంటే 20,73,600 చుక్కలుంటాయి. తెరలో ఉన్నవి 6,14,400 మాత్రమే! మూడు రెట్లకు పైగా చుక్కలు వచ్చీ వృథా అవుతున్నాయన్నమాట. సెకనుకు 25 బొమ్మల చొప్పున 5 కోట్ల 18 లక్షల చుక్కలను పలక విప్పి, కుదించి, గీయాలి. అదీ ఎవరూ చూడని అర్ధరాత్రి కూడా!

దీనికి విరుగుడు తేలిక. పది సెకన్లకొక నిలువు చిత్రం చాలనుకుంటే చుక్కల పని 250వ వంతుకు పడిపోతుంది. ఎవరైనా గంట కొట్టినప్పుడు మాత్రం కదిలే బొమ్మను తెరిపించవచ్చు. చాలా కెమెరాలు 640 × 360 చుక్కల చిన్న బొమ్మను కూడా పంపగలవు. అది పెద్దదానిలో తొమ్మిదోవంతే.

గ్రాఫుల్లోనూ ఇదే కథ. గదిలో వేడిని కొలిచే పరికరం పది సెకన్లకొక అంకె పంపితే రోజుకు 8,640; వారానికి 60,480 అంకెలు. వీటన్నిటినీ 1,024 చుక్కల వెడల్పులో గీయమంటే ఒక్కొక్క చుక్క మీద 59 అంకెలు ఒకదానిపై ఒకటి పడతాయి. మన కంటికి ఏం కనిపిస్తుంది? గంటకొక సగటు తీసుకుంటే వారానికి 168 అంకెలు చాలు. వేడి ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో గ్రాఫు చక్కగానే చెబుతుంది. ఆ సగటు తీసే పని పలకది కాదు, ఇంటి పెద్దది.

అడగడం కన్నా చెప్పించుకోవడం మేలు

ఇంట్లో 40 పరికరాలున్నాయి. పలక సెకనుకొకసారి ప్రతిదాని గురించీ “ఏమైనా మారిందా?” అని అడిగితే రోజుకు 34,56,000 ప్రశ్నలు! దాదాపు అన్నిటికీ జవాబు ఒకటే: “లేదు”. అలా అడగడం మాని, “మారినప్పుడు నువ్వే చెప్పు” అని ఇంటి పెద్దకు ఒక్కసారి చెప్పి ఊరుకుంటే? పలకకు ఎంతో విశ్రాంతి.

ఈ ఉపాయం ఇళ్లకోసం పుట్టింది కాదు. 1999లో ఆండీ స్టాన్ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు చమురు గొట్టాల మీది పరికరాల కబుర్లను ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడానికి ‘ఎంక్యూటీటీ’ అనే పద్ధతిని తయారుచేశారు. ఉపగ్రహంలో పంపే ప్రతి అక్షరానికీ ఖర్చే కదా! అందుకని కబురు చిన్నదిగా, అవసరమైనప్పుడే వెళ్లాలన్నారు. ఈనాడు ఎన్నో ఇళ్లలో దీపాలు, మీటర్లు మాట్లాడుకునేది ఈ పద్ధతిలోనే.

వేగం కన్నా ముఖ్యమైనది

ఎక్కువ పనిచేసే ప్రాసెసరు వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో పడమటి గోడ సాయంత్రానికి ఎలా కాలిపోతుందో మీకు తెలుసు. అక్కడ, గాలాడని చట్రంలో పలకను బిగిస్తే అది మందగించక ఏం చేస్తుంది?

మందగిస్తే చిరాకు మాత్రమే. కాని లోపలి లిథియం-అయాన్ బ్యాటరీకి వేడి ప్రమాదమే. ఈ బ్యాటరీలు 1991లో బజారులోకి వచ్చాయి. పూర్తిగా నిండినప్పుడు సాధారణంగా ఒక్కొక్క ఘటంలో 4.2 వోల్టులుంటాయి. నెలల తరబడి ఛార్జరు తీయకుండా, నిండుగానే, వేడిలోనే ఉంచితే లోపలి ద్రావణం మెల్లగా విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. బ్యాటరీ అప్పడంలా పొంగి తెరను పైకి నెడుతుంది. అలా పొంగినదాన్ని నొక్కినా, గుచ్చినా మంట పుట్టవచ్చు. తెర ఉబ్బినట్టు కనిపిస్తే మీరు ముట్టుకోకండి; వెంటనే పెద్దలకు చెప్పండి. దాన్ని వాడడం, ఛార్జి చేయడం మానేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలను తీసుకునేచోట అప్పగించాలి. చెత్తబుట్టలో వేయరాదు.

ఉబ్బకముందే జాగ్రత్తపడవచ్చు. ఛార్జరును ఆజ్ఞలు వినే ప్లగ్గుకు తగిలించి, బ్యాటరీ 40 శాతానికి దిగితే వెలిగేట్టు, 70కి చేరితే ఆరేట్టు ఏర్పాటు చేసుకోవచ్చు. ఎవరూ లేనప్పుడు తెరను ఆర్పేస్తే వేడి ఇంకా తగ్గుతుంది. ఇన్ని చేసినా గోడ మీది మామూలు స్విచ్చిని మాత్రం తీసేయవద్దు. కరెంటు వచ్చిపోయే వేళల్లో వైఫై లేకపోయినా అది పనిచేస్తుంది.

మీరే చేసి చూడండి

ఫోనుతో పలకనూ, దీపాన్నీ కలిపి వీడియో తీయండి. మామూలు వీడియోలో సెకనుకు 30 బొమ్మలుంటాయి. వేలు తెరను తాకిన బొమ్మ నుంచి దీపం వెలిగిన బొమ్మ దాకా లెక్కపెట్టండి. మూడు బొమ్మలైతే పదోవంతు సెకను, భేషుగ్గా ఉన్నట్టే! ముప్ఫై అయితే ఒక సెకను. ఇప్పుడు పైన చెప్పినవాటిలో ఒక్కటే మార్చి మళ్లీ కొలవండి. తర్వాత ఇంకొకటి. అన్నీ ఒక్కసారే మార్చితే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

అలా కొలుచుకుంటూ పోతే, పారేద్దామనుకున్న పలక ఇంకా కొన్నేళ్లు పనికొస్తుందో లేదో మీ లెక్కల పుస్తకమే చెబుతుంది.