కనబడే హింస, కనబడని హింస: 'ది ప్లాస్టిక్ కౌ' చిత్రం, గద్వాల పట్టు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పరిశ్రమల్లో మూగజీవులు పడే బాధను వెలికితెచ్చే దృశ్యచిత్రాలు, ప్రచారోద్యమాలు చివరికి ఆ జీవులకు ఏ మేరకు ఉపకరిస్తున్నాయన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఇందుకు తెలుగునేల నుంచి రెండు సందర్భాలను తీసుకున్నాను. ఒకటి, పుట్టపర్తి ప్రాంతపు పశువుల నుంచి పుట్టి సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లిన 'ది ప్లాస్టిక్ కౌ' చిత్రం. రెండోది, గద్వాల చీర అంచులో ఉన్న పట్టు. మొదటిదానిలో హింస కళ్లకు కట్టింది కాని, విషయం నియమాల్లోకి చేరేసరికి ఆవు పక్కకు జరిగింది. రెండోదానిలో కెమెరా నిలబెట్టడానికి ఈ ప్రాంతంలో చోటే లేదు.

కీలకపదాలు: జంతుహింస, దృశ్యచిత్రం, ప్రచారోద్యమం, ప్లాస్టిక్, పట్టుపరిశ్రమ, అహింసా పట్టు, గద్వాల చీర, నడిగడ్డ.

ఉపోద్ఘాతం

జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాల మండలం కృష్ణానదిని ఆనుకొని ఉంది. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే 44వ జాతీయ రహదారి బీచుపల్లి దగ్గర నది దాటి నడిగడ్డలోకి ప్రవేశిస్తుంది. ఈ దారిపక్క కాసేపు నిలబడితే ఇనుప పంజరాల్లో కుక్కిన కోళ్లతో పోయే లారీలు కనిపిస్తాయి. రెక్క విప్పడానికి వీలులేని ఆ ఇరుకును చూసి ఎవరూ ఆగరు. చూడనందువల్ల కాదు, రోజూ చూస్తున్నందువల్ల. అయితే కోడి జీవితంలో జనం కంటపడేది ఈ ప్రయాణం ఒక్కటే. అంతకుముందు షెడ్డులో గడిచిన కాలం, ఆ తరువాత కోతశాలలో జరిగేది గోడల వెనుక ఉంటాయి. జంతుహింసను బట్టబయలు చేసే చిత్రాల పని ఆ గోడల వెనుకకు వెళ్లడం.

ఈ రకపు చిత్రాలకు పొడవైన చరిత్రే ఉంది. ఫ్రెంచి దర్శకుడు జార్జ్ ఫ్రాంజు 1949లో పారిస్ కబేళాలపై 'లె సాంగ్ దె బెత్' తీశాడు. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి బయటికి వచ్చిన వీడియోటేపులతో 'అన్‌నెసెసరీ ఫస్' అనే చిత్రం కూర్చారు. కోతులపై తలగాయాల ప్రయోగాలు చేస్తూ పరిశోధకులే తీసుకున్న టేపులవి. మరుసటి ఏడాది ఆ ప్రయోగశాల మూతపడింది. షాన్ మాన్సన్ 'ఎర్త్‌లింగ్స్' 2005లో వచ్చింది. ఇటువంటి రహస్య చిత్రీకరణను నేరంగా చూసే చట్టాలు కూడా అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో వచ్చాయి. అయోవా రాష్ట్రం 2012లో అలాంటి చట్టం చేసింది. ఒక దృశ్యానికి ఉన్న బలమెంతో దాన్ని అడ్డుకోవడానికి పడిన పాట్లే చెబుతాయి.

ఆవు కడుపులో కెమెరా

'ది ప్లాస్టిక్ కౌ' చిత్రాన్ని కునాల్ వోహ్రా దర్శకత్వంలో తీశారు. నిడివి 34 నిమిషాలు. 2012లో జనంలోకి వచ్చింది. నాటి అనంతపురం జిల్లా, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని పుట్టపర్తిలో నెదర్లాండ్స్ దేశస్థురాలు క్లెమెంటీన్ పావ్స్ స్థాపించిన కరుణా సొసైటీ అనే జంతుసంరక్షణ సంస్థ అనుభవమే దీనికి ఆధారం. సంస్థ చేరదీసిన వీధిపశువులు కడుపు ఉబ్బి, మేత ముట్టక, చిక్కి శల్యమై చనిపోతుంటే కోసి చూశారు. కారణం ప్లాస్టిక్ సంచులు. ఆ తరువాత బతికున్న పశువులకు శస్త్రచికిత్స మొదలుపెట్టారు.

ఆవు మేతను పెదవులతో ఏరుకోదు. నాలుకతో చుట్టి, పెద్దగా నమలకుండానే మింగి, తరువాత తీరిగ్గా నెమరు వేస్తుంది. మిగిలిపోయిన అన్నం, కూరగాయల తొక్కలు సంచిలో వేసి మూతి ముడివేసి పారేస్తే, లోపలి వాసనకు వచ్చిన ఆవుకు ఆ ముడి విప్పే ఉపాయం లేదు. సంచితో సహా మింగుతుంది. నాలుగు గదుల కడుపులో మొదటిదైన పెద్దపొట్టలో ఆ సంచి నిలిచిపోతుంది. అక్కడి సూక్ష్మజీవులు గడ్డిని కరిగించగలవు, పాలిథీన్‌ను కరిగించలేవు. తరువాతి గదిలోకి పోయే దారి ఇరుకు. అందువల్ల ఏళ్ల తరబడి సంచి మీద సంచి పేరుకొని, తాళ్లు, మేకులు, తోలుముక్కలతో పెనవేసుకొని ఒకే ముద్దగా గట్టిపడుతుంది. పశువు ఎడమ డొక్క కోసి, పొట్టను తెరిచి, చేతితో లాగితే తప్ప అది బయటికి రాదు. ఒక్కొక్క పశువు నుంచి పదుల కిలోల ముద్ద బయటపడటం ఈ చిత్రంలోని ప్రధాన దృశ్యం. నల్లగా, తడిగా, తాడులాగా సాగుతూ వచ్చే ఆ ముద్దను చూశాక వీధిలో బలిసినట్లు కనిపించే ఆవు పొట్టను మునుపటిలా చూడలేము.

సాధారణంగా హింసాచిత్రాల్లో ఒక దోషి ఉంటాడు: కొట్టేవాడు, కోసేవాడు, యజమాని. ఈ చిత్రంలో అలాంటి మనిషి లేడు. సంచి తయారుచేసిన కర్మాగారం, దాన్ని ఊరికే ఇచ్చిన దుకాణదారు, ముడివేసి పారేసిన ఇల్లాలో గృహస్థో, చెత్తను కుప్పగా వదిలేసిన పురపాలక సంఘం, పాలు పిండుకొని ఆవును వీధిలోకి తోలిన పశువు యజమాని, అందరూ కలిసి చేసిన పని ఇది. చిత్రం బలం ఇక్కడే ఉంది. బలహీనత కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అందరూ దోషులైనచోట అందరికన్నా తేలికగా చట్టానికి చిక్కేది వస్తువు.

ఆవు నుంచి మైక్రాన్‌కు

కరుణా సొసైటీ 2012లో సర్వోన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ఆ ఏడాది మే నెలలో విచారణ సందర్భంగా జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ ధర్మాసనం, ప్లాస్టిక్ సంచుల వల్ల రాబోయే తరానికి పొంచి ఉన్న ముప్పు అణుబాంబుకన్నా తీవ్రమైనదన్న భావం వ్యక్తం చేసింది. పత్రికలు ఆ పోలికనే శీర్షికలకెక్కించాయి. అణుబాంబు పోలికలో కనిపించేది రేపటి మనిషి. ఈనాటి ఆవు అప్పటికే కొంత వెనక్కి తగ్గింది.

నియమాల చరిత్ర చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2011 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు సంచి కనీస మందాన్ని 40 మైక్రాన్లుగా నిర్ణయించాయి. 2016 మార్చి నియమాలు దాన్ని 50కి పెంచాయి. 2021 సవరణ ప్రకారం అదే ఏడాది సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. ఇవన్నీ ఆ చిత్రం వల్లనే వచ్చాయనడం అతిశయోక్తి. దానికి ముందూ వెనుకా అనేక ఒత్తిళ్లున్నాయి. మందం పెంచడంలో తర్కం లేకపోలేదు. మందపాటి సంచి ధర ఎక్కువ కాబట్టి దుకాణదారు ఊరికే ఇవ్వడు. చెత్త ఏరుకొనేవారికి దానిమీద నాలుగు డబ్బులు వస్తాయి కాబట్టి కుప్పలో మిగలదు. కాని ఆ కుప్ప దగ్గర నిలబడిన ఆవు వైపు నుంచి ఆలోచిస్తే 120 మైక్రాన్ల సంచి కూడా సంచే. అన్నంతో ముడివేస్తే అదీ పొట్టలోకే పోతుంది.

ఆవును కేంద్రంగా పెట్టుకుంటే అడగవలసిన ప్రశ్నలు వేరు. తడిచెత్తను విడిగా తీసుకుంటున్నారా? చెత్తతొట్టికి మూత ఉందా? పాలిచ్చే పశువును మేత పెట్టకుండా పగలంతా వీధిలో వదిలే యజమానికి బాధ్యత ఏమిటి? ఈ చివరి ప్రశ్న మనల్ని పాడిపరిశ్రమ వైపు నడిపిస్తుంది. చిత్రం పేరులో ఉన్నది ప్లాస్టిక్. దాని వెనుక పాలు ఉన్నాయన్న సంగతి చర్చలో అంతగా నిలవలేదు. హర్ష ఆత్మకూరి 2023లో విడుదల చేసిన 'మా కా దూధ్' నేరుగా పాడిపరిశ్రమనే విషయంగా తీసుకుంది. ప్లాస్టిక్‌పై చిత్రానికి వచ్చిన ఏకాభిప్రాయం పాలపై చిత్రానికి రావడం కష్టం. సంచిని ఎవరూ పూజించరు, పాలు లేని ఇల్లు మనకు లేదు.

ఈ జారుబాటు మనకే ప్రత్యేకమైనదీ కాదు. 1906లో అప్టన్ సింక్లేర్ షికాగో మాంసపు కర్మాగారాల్లో శ్రామికుల దుస్థితి చెప్పడానికి 'ది జంగిల్' నవల రాశాడు. అదే ఏడాది అమెరికా మాంసం తనిఖీ చట్టం చేసింది. పాఠకులకు తమ పళ్లెంలోని మాంసం మీద భయం కలిగింది. శ్రామికుడు ఆ చట్టంలో లేడు, పశువూ లేదు.

పట్టుగూడు: చూపడానికి లేని చోటు

ఇక నడిగడ్డకు తిరిగివద్దాం. గద్వాల, రాజోలి, అయిజ ప్రాంతాల మగ్గాల మీద తయారయ్యే గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒంటినంతా నూలుతో, అంచునూ కొంగునూ పట్టుతో నేసి, రెండింటినీ కుప్పడం పద్ధతిలో కలపడం దీని ప్రత్యేకత. జంతుహక్కుల ఉద్యమాలు పట్టును చాలాకాలంగా ప్రశ్నిస్తున్నాయి. మనదేశంలో బ్యూటీ వితౌట్ క్రుయల్టీ సంస్థ ఈ విషయమై విస్తృతంగా ప్రచారం చేసింది. మరి కుక్కినకోళ్ల లారీని తీసినట్లు ఈ హింసను గద్వాలలో ఎవరైనా చిత్రీకరించగలరా?

మల్బరీ ఆకు తిని, నాలుగుసార్లు కుబుసం విడిచి, దాదాపు 25 రోజులకు పురుగు పండుతుంది. చంద్రికల మీదికి చేర్చిన పురుగు తన చుట్టూ తానే గూడు అల్లుకుంటుంది. ఆ గూడంతా ఒకే దారం. వెయ్యి మీటర్ల దాకా, మేలురకాల్లో ఇంకా ఎక్కువ పొడవు ఉంటుంది. పది పన్నెండు రోజులు వదిలేస్తే లోపలి ప్యూపా రెక్కలపురుగుగా మారి, గూటి కొనను తడిపి చీల్చుకొని వస్తుంది. అప్పుడు దారం తెగిపోతుంది. కాబట్టి అంతకుముందే గూళ్లను ఆవిరితోనో వేడిగాలితోనో కాల్చి ప్యూపాను చంపుతారు. తరువాత వేడినీళ్లలో ఉడికించి, జిగురు మెత్తబడ్డాక దారం తీస్తారు.

ఇదంతా జరిగేది దారం తీసే కేంద్రాల్లో. కర్ణాటకలోని రామనగరం వంటి పట్టుగూళ్ల సంతల చుట్టూ ఆ పరిశ్రమ అల్లుకొని ఉంది. గద్వాల నేతగాడి ఇంటికి వచ్చేది శుభ్రమైన దారం. అతని మగ్గం గుంటలో ఒక్క పురుగూ కనిపించదు. అక్కడ కెమెరా పెట్టితే దొరికే దృశ్యం నడుం వంచి పనిచేసే మనిషిది మాత్రమే. అయితే ప్రచారం గురిపెట్టేది ఆ చీర మీదే, ఎందుకంటే కొనేవారికి తెలిసిన వస్తువు అదొక్కటే. బాధ పడే జీవి ఒకచోట, నింద పడే మనిషి మరొకచోట.

ప్రచారంలోని అంకెలనూ కాస్త ఆగి చూడాలి. ఒక పట్టుచీరకు 50,000 పురుగులు చస్తాయన్న మాట పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. కిలో పట్టుదారానికి సుమారు ఏడు కిలోల గూళ్లు కావాలి. కిలోకు ఆరువందల గూళ్లు తూగుతాయనుకుంటే కిలో దారానికి నాలుగువేల పైచిలుకు ప్యూపాలు. అంచు, కొంగుల్లో మాత్రమే పట్టు ఉన్న గద్వాల చీరకు పావుకిలో దారం పట్టిందనుకున్నా లెక్క వెయ్యికి అటూఇటూ ఉంటుంది. ఇది ఈ వ్యాసకర్త అంచనా మాత్రమే. సన్నగూళ్ల రకమైతే లెక్క పెరుగుతుంది. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. అంకె పెంచితే వాదం బలపడుతుందన్న నమ్మకం ఉద్యమానికే చేటు. నేతపని తెలిసినవాడు ఒక్క తప్పు పట్టుకున్నాడంటే మిగతాదంతా కొట్టిపారేస్తాడు.

అహింసా పట్టు

ఈ ప్రశ్నకు దృశ్యంతో కాక దారంతోనే జవాబు వెతికిన వ్యక్తి మన ప్రాంతంలోనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ చేనేతరంగంలో ఉద్యోగిగా పనిచేసిన కుసుమ రాజయ్య, నాటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ సతీమణి జానకీ వెంకటరామన్ పురుగును చంపని పట్టుచీర దొరుకుతుందా అని అడగడంతో ఈ అన్వేషణకు పూనుకున్నారు. రెక్కలపురుగు గూడు చీల్చుకొని వెళ్లాక మిగిలిన గూళ్లను దూదిలాగా వడికి నూలు తీయడం ఆయన పద్ధతి. 2002లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 2006లో అది మంజూరైంది. ఈ పట్టుకు మామూలు పట్టు మెరుపు ఉండదు, మెత్తదనం ఎక్కువ. ధరా ఎక్కువే. నేతగాడి పని మాత్రం పోదు.

దీనితో సమస్య తీరిందా అంటే తీరలేదు. వేల ఏళ్ల పెంపకంలో మల్బరీ పట్టు రెక్కలపురుగు ఎగిరే శక్తిని కోల్పోయింది. దానికి తినే నోరూ లేదు. జతకట్టి, మూడు నాలుగు వందల గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో చనిపోతుంది. ఆ గుడ్లన్నీ పొదిగితే వచ్చే పురుగులకు ఆకు ఎవరు పెడతారు? పెట్టకపోతే అవి ఆకలితో చస్తాయి. మరో సంగతి ఉంది. పెబ్రిన్ అనే వ్యాధి తల్లి నుంచి గుడ్లకు సోకుతుంది. 1860లలో ఫ్రాన్సు పట్టుపరిశ్రమను ఈ తెగులు కుదిపేసినప్పుడు లూయీ పాశ్చర్ కనిపెట్టిన ఉపాయమే నేటికీ విత్తనకేంద్రాల్లో నడుస్తోంది: గుడ్లు పెట్టిన తల్లిపురుగును నూరి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, తెగులు లేకపోతేనే ఆ గుడ్లను ఉంచుతారు. అంటే గూడు ఉడకకముందే, ఆరోగ్యకరమైన విత్తనం కోసం, తల్లి చావు జరిగిపోతుంది. ప్రచారపత్రాల్లో మరుగుతున్న నీళ్ల గిన్నె ఉంటుంది, నూరే రోలు ఉండదు. గిన్నె చూడగానే అర్థమవుతుంది. రోలుకు రెండు పేజీల వివరణ కావాలి.

చట్టం వైపు చూస్తే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం రెండో సెక్షన్ మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువనే నిర్వచించింది. ఆ మాట ప్రకారం పట్టుపురుగూ జంతువే. కాని పదకొండో సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. పశువు విషయంలోనే ఇంత చులకనగా ఉన్న చట్టం పురుగు దాకా వస్తుందని ఆశించలేము. 2009 తుంగభద్ర వరదలో మగ్గాలు కొట్టుకుపోయిన రాజోలి నేతకుటుంబానికి ఆ చట్టం గురించీ, ఈ ప్రచారం గురించీ ఎవరూ చెప్పలేదు. వారికి తెలిసింది పట్టుదారం ధర ఒక్కటే.

గద్వాల చీర ప్రత్యేకత మళ్లీ ఇక్కడ గుర్తుకువస్తుంది. దాని ఒంటి భాగం ఇప్పటికే నూలు. అంచుకూ కొంగుకూ వడికిన పట్టు పనికొస్తుందా, కుప్పడం ముడుల దగ్గర ఆ దారం మగ్గం లాగుడుకు నిలుస్తుందా అన్నది మగ్గం మీద వేసి చూస్తే తేలే విషయం. ఆ పరీక్ష రామనగరంలో కాదు, గద్వాలలోనే చేయగలిగింది.