కాలేయ మార్పిడి – మందులకు లొంగని క్రిములు

పాఠశాల వార్షిక సంచికలో శస్త్రచికిత్స ప్రసంగ మెందులకని తలిదండ్రులు సందేహింపవచ్చును. ఆసుపత్రిలో జరుగు మిక్కిలి క్లిష్టమైన చికిత్సకును, మన యింటి అలమారులోని మాత్రల పొట్లమునకును దగ్గర సంబంధము కలదు. దానిని తెలుపుటయే మా ఉద్దేశము.

చెడిపోయిన కాలేయమును తొలగించి, మరణించిన దాత కాలేయమునుగాని, బ్రతికియున్న బంధువు కాలేయములో కొంత భాగమునుగాని అమర్చుటను కాలేయ మార్పిడి యందురు. 1963లో అమెరికాలోని డెన్వరు నగరమున డాక్టరు థామస్ స్టార్జల్ మొట్టమొదట ఈ ప్రయత్నము చేసెను. ఆ రోగి దక్కలేదు. 1967లోగాని విజయము చేకూరలేదు. మన దేశమున తొలి విజయము 1998లో లభించినది. నేడు చెన్నై, బెంగుళూరు, ముంబయి, హైదరాబాదు నగరములలో ఈ చికిత్స జరుగుచున్నది.

అయితే శస్త్రచికిత్స చక్కగా ముగిసినంత మాత్రమున గండము గడచినట్లు కాదు. శరీరము క్రొత్త కాలేయమును పరాయిదిగా నెంచి తిరస్కరింప జూచును. దానిని వారించుటకై వైద్యులు రోగనిరోధక శక్తిని మందులతో అణచి యుంచెదరు. ఇది ఇంటికి వచ్చిన చుట్టమును కరవకుండుటకై కావలి కుక్కను కట్టివేయుట వంటిది. చుట్టము క్షేమమే; కాని దొంగకును దారి దొరకును.

ఆ దొంగ తరచుగా రోగి ప్రేవులలోనే యుండును. క్లెబ్సియెల్లా, ఇ. కోలై వంటి బాక్టీరియాలు అచ్చట సాధారణముగా హాని చేయక నివసించును. కడుపు కోసినప్పుడు, పిత్తనాళపు కుట్టు వద్ద పిత్తము కారినప్పుడు, రక్తనాళములలో అమర్చిన గొట్టముల వెంబడిని ఇవి రక్తమున చేరవచ్చును. మార్పిడికి ముందు పలుమారులు యాంటీబయాటిక్కులు వాడిన రోగిలో లొంగెడి క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి వృద్ధి చెందును. తమ శక్తిని ప్రక్క క్రిములకును పంచిపెట్టును. కార్బాపెనెమ్ అను బలమైన మందులకు గూడ లొంగనివి కలవు. అప్పుడు వాడవలసివచ్చు కొలిస్టిన్ మూత్రపిండములకు చెరుపు చేయగలదు. తిరస్కరణను ఆపు టాక్రోలిమస్ గూడ మూత్రపిండములకే భారము. కావున రోగము వచ్చిన పిమ్మట కుదుర్చుటకంటె రాకుండ చూచుటయే మేలు.

1847లో వియన్నాలో డాక్టరు సెమ్మెల్వైస్ వైద్యులచే క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించి బాలింతల మరణములను తగ్గించెను. నేటికిని మొదటి రక్ష అదియే. మొండి క్రిములున్నవేమో ముందుగా పరీక్షించుట, ఉన్నచో రోగిని వేరు గదిలో నుంచుట, అక్కర తీరగనే గొట్టములను తీసివేయుట, శస్త్రచికిత్స నాటి యాంటీబయాటిక్కును కొలది కాలములో నిలిపివేయుట, క్రిమి ఏదో పరీక్షలో తేలిన వెంటనే దానికి తగిన మందునే ఇచ్చుట తక్కిన జాగ్రత్తలు. చూడవచ్చు బంధువులును చేతులు కడుగుకొనవలెను. జ్వరము, దగ్గు గలవారు వెళ్లరాదు.

ఇక మన యిండ్ల సంగతి. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన తెలుగువాడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా నున్న అమెరికా సంస్థలో డాక్టరు డుగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. అట్టి మందులు కోట్ల ప్రాణములు నిలిపినవి. కాని చాలీచాలని మోతాదులలో వాడినచో క్రిములు మొండివగునని పెన్సిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించెను. ముఖ్యమైన కొన్ని యాంటీబయాటిక్కులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మినవానిని పుస్తకమున వ్రాయవలెనని 2014 నుండి మన దేశమున నిబంధన కలదు.

బిడ్డకు జలుబు చేయగనే మందుల దుకాణమునకు పరుగిడకుడు. జలుబు వైరస్ వలన వచ్చును. యాంటీబయాటిక్కు దానిపై పనిచేయదు. పెద్దవానికి మిగిలిన మాత్రలు చిన్నవానికి వేయకుడు. వైద్యుడు చెప్పిన మోతాదును చెప్పినన్ని దినములు వాడుడు. నేడు మన యింట అనవసరముగా మ్రింగని మాత్ర, రేపు మనవారిలో ఎవరికైన శస్త్రచికిత్స నాడు అక్కరకు వచ్చును.